విశాఖలో ఇంటికి మొదటి హాట్ టబ్: కొనేముందు డాబానీ, మే నెలనీ లెక్కలోకి తీసుకోండి

ముందు మీరు రాసింది ఒకసారి కుదించి చెప్తాను, చదివేవాళ్ళకీ అర్థమవుతుంది. ఎండాడలో సొంతిల్లు, జి ప్లస్ వన్. డాబా మీద సముద్రం కనిపించే మూల టబ్ పెట్టాలని కోరిక. వాడేది మీరిద్దరూ, ఇద్దరు పిల్లలూ, మోకాళ్ళ నొప్పులున్న మీ అత్తగారూ. షాపువాళ్ళు ఆరుగురు పట్టే, అరవై జెట్లున్న, అంటే నీళ్ళు జోరుగా చిమ్మే కన్నాలు అరవై ఉన్న మోడల్ చూపించారు. మీ మరిది గాలి నింపుకునేది చాలంటున్నారు. డాలస్‌లో ఉన్న మీ తమ్ముడు అక్కడ సగం ధరకి వస్తోంది, కంటైనర్‌లో పంపిస్తానంటున్నాడు. ఈ మూడింటిలో ఏది తీసుకోవాలి, కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది అన్నవి మీ ప్రశ్నలు.

పూల్సు, స్పాలు బిగించి సర్వీసు చేసే పని నాది. ఈ ఊళ్ళోనే, ఈ ఉప్పుగాలిలోనే. అందుకే మీరు అడగని ప్రశ్నతో మొదలుపెడతాను: మే నెలలో ఆ టబ్‌లో నీళ్ళు చల్లబడేదెలా?

హాట్ టబ్ చలిప్రాంతాల్లో బాగా పెరిగిన వస్తువు. బయట మంచు పడుతుంటే లోపల 38 డిగ్రీల నీళ్ళలో కూర్చోవడానికి అనువుగా చేస్తారు. గోడల నిండా ఫోము, పైన మందపాటి మూత, అన్నీ వేడి బయటికి పోకుండా ఆపడానికే. మనకి చలి అంటే డిసెంబరు, జనవరి, ఇంకో రెండు మూడు వారాలు. అప్పుడైనా రాత్రిళ్ళు 18, 20 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మార్చి దాటాక ఓవర్‌హెడ్ ట్యాంకులోంచి దిగే నీళ్ళే గోరువెచ్చగా ఉంటాయి. ఇక నీళ్ళు శుభ్రంగా ఉండాలంటే ఫిల్టరు పంపు రోజూ కొన్ని గంటలు తిరగాల్సిందే. ఆ మోటారు వేడి టబ్ చుట్టూ ఉండే పెట్టె, అంటే క్యాబినెట్‌లోంచి పోయే దారిలేక నీళ్ళలోకే దిగుతుంది. హీటరు పూర్తిగా ఆపేసినా నీళ్ళు 36, 38 అలా ఎక్కుతూనే ఉంటాయి. 32కి సెట్ చేస్తే ప్యానెల్ మీద 39 చూపిస్తోందని, మిషను పాడైందని ఎండాకాలంలో నాకు ఫోన్లు వస్తాయి. మిషను బాగానే ఉంటుంది.

హైదరాబాద్‌లో అయితే రాత్రి మూత తీసి వదిలేస్తే పొడిగాలికి నీళ్ళు ఆవిరవుతూ నాలుగు డిగ్రీలు దిగుతాయి. మన ఊళ్ళో ఆ ఉపాయం సగమే పారుతుంది. ఒంటిమీది చెమటే ఆరని చోట టబ్‌లో నీళ్ళేం ఆరతాయి?

కాబట్టి మీరు ఏ టబ్ తీసుకున్నా దానికి బయట హీట్ పంపు తగిలించే వీలుందా అని అడగండి. వేడి చెయ్యడం, చల్లార్చడం రెండూ చేసే రకం ఉంటుంది. ఏసీలో ఉండే కంప్రెసరు పద్ధతే ఇది, గాలికి బదులు నీళ్ళని చల్లారుస్తుంది. మన వాతావరణంలో వేడి చేసేటప్పుడు కూడా మామూలు ఎలిమెంట్ హీటరుకి పట్టే కరెంటులో మూడో వంతో, నాలుగో వంతో సరిపోతుంది. మే నెల సాయంత్రం 28 డిగ్రీల నీళ్ళలో పిల్లలు గంటసేపు ఆడుకుంటారు. అది లేని టబ్ మీకు ఏడాదిలో మూడు నెలలే పనికొస్తుంది, మిగతా తొమ్మిది నెలలూ దాన్ని మీరు మేపుతారు. అరవై జెట్ల మోడల్‌కి, ముప్ఫై జెట్ల మోడల్‌కి ఉన్న ధర తేడా తీసి దీని మీద పెట్టమంటాను నేను.

ఇప్పుడు డాబా సంగతి. ఇక్కడ కాస్త లెక్క వెయ్యాలి, విసుక్కోకండి. షాపులో చూపించిన ఆరుగురి టబ్‌లో సుమారు 1,300 లీటర్ల నీళ్ళు పడతాయనుకుందాం. అంటే 1,300 కేజీలు. ఖాళీ టబ్ ఒక 350 కేజీలు. మనుషులు ఆరుగురికి 390. మొత్తం రెండు టన్నుల పైమాటే. టబ్ వైశాల్యం 2.2 మీటర్లకి 2.2 మీటర్లు వేసుకుంటే చదరపు మీటరుకి 420 కేజీలు పడుతుంది. మన దేశంలో భవనాల బరువులకి పాటించే ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం. అందులో మనుషులు తిరిగే డాబాకి చదరపు మీటరుకి 1.5 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 150 కేజీలు, ఇళ్ళలో గదులకి 200 కేజీలు లెక్క. మీ ఇల్లు ఆ లెక్కన కట్టి ఉంటే టబ్ దానికి రెండున్నర రెట్లకి మించి బరువు. నలుగురి టబ్ తీసుకున్నా తేడా పెద్దగా రాదు, బరువు తగ్గినంతా కింద జాగా కూడా తగ్గుతుంది కదా, 390 దగ్గర తేలుతుంది.

అలాగని డాబా మీద అసలు కుదరదని కాదు. స్లాబు అంతా నిండే బరువుకి వేసిన లెక్క అది. టబ్‌ని స్తంభాల మీద, బీముల మీద పడేలా జరిపి, కింద ఐసెక్షన్ల, అంటే ఐ ఆకారపు ఇనుప దూలాల ఫ్రేము వేసి బరువు బీములకి అందిస్తే కుదిరే ఇళ్ళు చాలా ఉన్నాయి. కుదురుతుందో లేదో చెప్పాల్సింది మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరు. ఇల్లు కట్టిన మేస్త్రి కాదు, షాపులో సేల్స్ కుర్రాడు అంతకన్నా కాదు. ఇంజనీరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంటి స్ట్రక్చరల్ డ్రాయింగులు పట్టుకెళ్ళండి. లేవంటే ఆయన వచ్చి బీములు, కడ్డీలు చూసుకుంటారు. ఆ ఫీజు టబ్ ధరలో లెక్కలోకి రానంత చిన్నది. ఇంకో మాట, సముద్రం దగ్గరి పాత స్లాబుల్లో కడ్డీ తుప్పుపట్టి కింద పెచ్చులూడడం మనకి కొత్త కాదు. మీ సీలింగు మీద అలాంటి పెచ్చులు ఎక్కడైనా కనిపిస్తే డాబా ఆలోచన అక్కడితో ఆపెయ్యండి.

నన్నడిగితే పెరట్లో నేల మీద పెట్టండి. నాలుగంగుళాల పైచిలుకు మందాన, లోపల ఇనుప జాలీ వేసి, సమమట్టంగా కాంక్రీటు పలక పోయించండి. సముద్రం కనిపించదు, నిజమే. మీ అత్తగారు మోకాళ్ళతో మెట్లెక్కక్కర్లేదు. తడి ఒంటితో దిగక్కర్లేదు. రిపేరుకొచ్చినవాడు నాలుగు వైపులా తిరగగలడు. నాలుగు వైపులా అడుగున్నర, రెండడుగులు జాగా వదలమని ప్రత్యేకంగా చెప్తున్నాను. గోడకి ఆనించి పెట్టిన టబ్‌లో పంపు ఎప్పుడూ గోడ వైపే చెడిపోతుంది!

మీ మరిది చెప్పిన గాలి టబ్ విషయం. పెట్టెలో వచ్చినప్పుడు ఇద్దరు మోసేస్తారు, అందుకే డాబాకి అదే మేలనుకుంటారు. నీళ్ళు నింపాక దాదాపు 800 లీటర్లు, నలుగురు దిగితే టన్ను దాటుతుంది, చదరపు మీటరుకి 350 కేజీల పైనే. బరువంతా నీళ్ళది, ప్లాస్టిక్‌ది కాదు. ఎండకి ఆ పీవీసీ పొర గట్టిపడి అతుకుల దగ్గర విడిపోతుంది. ఇటుక ముక్క గుచ్చుకున్నా, కాకి పొడిచినా ప్యాచ్ వెయ్యాలి. అయినా దాన్ని తీసిపారెయ్యను. మీ ఇంట్లో నిజంగా ఎంతమంది, ఎంత తరచుగా వాడతారో తెలియనప్పుడు నవంబరులో ఒకటి కొని, పెరట్లో నీడపట్టున పెట్టి, ఫిబ్రవరి దాకా వాడి చూడడం తెలివైన పనే. తర్వాత ఖాళీ చేసి, ఆరబెట్టి, మడిచి అటక మీద పెట్టెయ్యొచ్చు. లక్షలు పెట్టి కొన్న టబ్ మీద బట్టలు ఆరేసుకుంటున్న ఇళ్ళు చూశాను కాబట్టి చెప్తున్నాను.

డాలస్ టబ్ వద్దు. తమ్ముడి ప్రేమ కాదనను కానీ అక్కడి కరెంటు వేరు. అమెరికాలో 60 హెర్ట్జ్, మనది 50. మోటారు ఆరో వంతు నెమ్మదిగా తిరిగి జెట్ల జోరు పడిపోతుంది, కొన్ని మోటార్లు వేడెక్కుతాయి. అక్కడి వైరింగులో రెండు ఫేజు తీగలు, ఒక న్యూట్రలు ఉంటాయి. లోపల కొన్ని భాగాలు 120 వోల్టుల మీద, కొన్ని 240 మీద నడుస్తాయి. మన ఇంటికొచ్చేది ఫేజుకీ న్యూట్రలుకీ మధ్య 230. కొన్ని కంట్రోల్ బోర్డులు మార్చుకోవచ్చు, కొన్నిటికి కుదరదు. దాని మీద ఓడ కిరాయి, కస్టమ్స్, క్రేను కలిపితే సగం ధర సగంగా మిగలదు. గ్యారంటీ మాత్రం డాలస్‌లోనే ఉండిపోతుంది.

ఇక్కడే ఇంకో తికమక తీర్చేస్తాను. మన శానిటరీ షాపుల్లో జాకుజీ అని చూపించేవాటిలో చాలావరకు బాత్‌రూమ్ వర్ల్‌పూల్ టబ్బులు. స్నానానికి ముందు నింపి, అయ్యాక వదిలేసే రకం. ఫిల్టరు ఉండదు, చాలావాటికి హీటరూ ఉండదు, గీజరు నీళ్ళే దిక్కు. మీరు అనుకుంటున్నది అది కాదు. నెలల తరబడి అవే నీళ్ళు నిలిపి, వడకట్టి, క్లోరిన్ వేసి వాడేది మీకు కావాలి. కొటేషన్‌లో ఫిల్టరు, హీటరు, సర్క్యులేషన్ పంపు (నీళ్ళని ఫిల్టరులోంచి తిప్పే చిన్న పంపు) అన్న మాటలు లేకపోతే అది వర్ల్‌పూల్ టబ్బే. మోకాళ్ళ నొప్పి కోసమే ఈ ఆలోచన మొదలైతే మాత్రం మీ అత్తగారి బాత్‌రూమ్‌లో అలాంటిది ఒకటి పెట్టినా చాలునేమో ఆలోచించండి. ఆ పేరుకి మూలమైన జాకుజీ సోదరులు స్నానపు తొట్టి కోసం మొదట చేసిన పంపు కూడా కీళ్ళవాతం ఉన్న ఇంటి పిల్లవాడి కోసమే. మామూలు స్నానపు తొట్టిలో దించి వాడే ఆ పంపుని 1956లో అమ్మకానికి పెట్టారు. జెట్లని తొట్టిలోనే బిగించి అమ్మడం 1968లో వచ్చింది.

జెట్ల లెక్క గురించి ఒక్కటే చెప్తాను. జోరు ఇచ్చేది పంపు, కన్నాల సంఖ్య కాదు. ఒకే పంపుకి అరవై కన్నాలు పెడితే ఒక్కోదాంట్లోంచి వచ్చేది చక్కిలిగింతే. పైగా ప్రతి జెట్టూ ఒక పైపు, ఒక అతుకు, రేపు కారగల ఒక చోటు. నడుముకి నాలుగు, భుజాలకి రెండు, అరికాళ్ళకి రెండు గట్టివి ఉంటే మనిషికి అంతకన్నా అక్కర్లేదు. ఆరుగురు పడతారని రాస్తే నలుగురనుకోండి. షాపులో చెప్పులు విప్పి ఖాళీ టబ్‌లో దిగి కూర్చోమని నేను అందరికీ చెప్తాను, ఎవరూ వినరు, సిగ్గుపడతారు. మీ అత్తగారిని తీసుకెళ్ళి కూర్చోబెట్టండి. లోపల మొదటి మెట్టు ఎంత లోతులో ఉంది, పట్టుకోవడానికి కమ్మీ ఉందా, పాదాలు నేలకి ఆనుతున్నాయా చూడండి. పడుకునే సీటు ఉన్న టబ్బులు బొమ్మలో అందంగా ఉంటాయి. ఐదడుగుల మనిషి అందులో తేలిపోతుంది, ఒక సీటు దండగ.

ఉప్పుగాలి మీకు చెప్పక్కర్లేదు. ఎండాడలో గేటు గొళ్ళెం ఎన్నాళ్ళు బతుకుతుందో మీకే తెలుసు. స్టీలు భాగాలు 316 గ్రేడా అని అడగండి, 304కి సముద్రం ఒడ్డున మరకలు పడతాయి. హీటరు ఎలిమెంట్ టైటానియం అయితే మంచిది. హీట్ పంపు కాయిల్ రేకులకి పూత ఉండాలి. క్యాబినెట్ ఫ్రేము చెక్కది వద్దు, చెదలు పడతాయి. గ్యాల్వనైజ్డ్ ఇనుము కూడా ఇక్కడ ఎన్నాళ్ళో ఆగదు. పీవీసీ, ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ ఫ్రేములు చూడండి. అడుగున ఏబీఎస్ పళ్ళెం మూసి ఉండాలి, లేకపోతే వెచ్చటి ఫోములో ఎలుకలు కాపురం పెట్టి వైర్లు కొరుకుతాయి.

మూతని టబ్‌కి బిగించి పట్టే బకిల్ పట్టీలు నాలుగు కాదు, ఆరో ఎనిమిదో వేయించుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊరి డాబాల మీద నుంచి ఏమేం ఎగిరాయో మర్చిపోయే విషయం కాదు. తుపాను హెచ్చరిక వస్తే బ్రేకరు దించండి, మూత కట్టండి, నీళ్ళు మాత్రం వదలకండి. ఆ బరువే టబ్‌ని పట్టి ఉంచుతుంది. మామూలు రోజుల్లో మూతకి శత్రువు ఎండ, కాబట్టి పైన షెడ్డో పందిరో ఉండాలి. నీడ ఉంటే ఎండాకాలంలో నీళ్ళు వేడెక్కడం కూడా తగ్గుతుంది.

కరెంటు. ముందు బిల్లు లెక్క మీరే వేసుకునేలా సూత్రం చెప్తాను. వెయ్యి లీటర్ల నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 1.16 యూనిట్లు పడుతుంది. నలుగురి టబ్‌లో 900 లీటర్లు అనుకుని, జనవరిలో 25 డిగ్రీల నీళ్ళని 38కి తేవాలంటే పదమూడున్నర యూనిట్లు. మూడు కిలోవాట్ల హీటరుతో నాలుగున్నర గంటలు, రెండు కిలోవాట్లదైతే దాదాపు ఏడు గంటలు. అది మొదటిసారికి. తర్వాత మూత సరిగ్గా ఉంటే రోజూ పోయిన రెండు మూడు డిగ్రీలే నింపుకోవాలి. హీట్ పంపుతో అందులో మూడో వంతు. అంటే బిల్లు పెంచేది మన దగ్గర హీటరు కన్నా రోజూ తిరిగే ఫిల్టరు పంపు. చిన్న సర్క్యులేషన్ పంపు విడిగా ఉన్న మోడల్ అందుకే మేలు. ఏసీలతో ఇప్పటికే కరెంటు రేట్ల పై శ్లాబులో ఉన్న ఇంటికి ప్రతి కొత్త యూనిట్టూ ఆ పై రేటుకే పడుతుందని గుర్తుంచుకోండి. టబ్ లోడు కలిపాక మీ కనెక్షన్ లోడు సరిపోతుందా, త్రీ ఫేజు కావాలా అన్నది మన కరెంటు సంస్థ ఏపీఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో ముందే అడగండి.

వైరింగులో రాజీ పడొద్దు. మెయిన్ బోర్డు నుంచి టబ్‌కి విడిగా రాగి కేబుల్, విడిగా బ్రేకరు, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు. 32 ఆంపుల టబ్‌కి 6 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేస్తాం. ఆపే స్విచ్చు కళ్ళకి కనపడేచోట ఉండాలి, టబ్‌లో కూర్చుని చెయ్యి చాపితే అందకూడదు. ఎర్త్ పిట్ కొత్తది తీయించండి. ఇక్కడి పాత పిట్లలో తీగ తుప్పుపట్టి పేరుకే ఎర్త్ ఉంటుంది. గీజరు సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి గాలి టబ్ నడిపేవాళ్ళున్నారు. నీళ్ళలో మనుషులు కూర్చుంటారని తెలిసి ఎవరైనా ఆ పని ఎలా చేస్తారో నాకు అర్థం కాదు.

నీళ్ళు. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి నీళ్ళు వస్తుంటే వాటితోనే నింపండి. బోరు నీళ్ళయితే ముందు హార్డ్‌నెస్, అంటే నీళ్ళ కఠినత్వం చూడండి. 150 నుంచి 250 పీపీఎం (పది లక్షల్లో భాగాలు) మధ్య ఉంటే సరే, 400, 500 ఉంటే హీటరు మీద సున్నం పేరుకుంటుంది, కుళాయి నీళ్ళతో కలిపి దించాలి. ట్యాంకరు నీళ్ళయితే పైపుకి ఫిల్టరు పెట్టి నింపండి. పీహెచ్ 7.2 నుంచి 7.8, ఆల్కలినిటీ 80 నుంచి 120, ఫ్రీ క్లోరిన్ 3 నుంచి 5 పీపీఎం. పరీక్ష స్ట్రిప్పులు దొరుకుతాయి, దిగే ముందు ఒకటి ముంచి చూడడం అలవాటు చేసుకోండి. వెయ్యాల్సింది డైక్లోర్ గుళికలు. బ్లీచింగ్ పౌడరు వద్దు, అడుగున సున్నం పేరుకుంటుంది. పూల్సులో వేసే ట్రైక్లోర్ బిళ్ళలూ వద్దు, పీహెచ్ పడగొట్టి షెల్‌నీ (టబ్ తొట్టి భాగం) మెటల్‌నీ తినేస్తాయి. ఈ రకాలు ఒకదాంతో ఒకటి ఒకే డబ్బాలో, ఒకే చెంచాతో కలపడం మరీ ప్రమాదం, మంటలు లేస్తాయి.

మన ఇళ్ళకే ప్రత్యేకమైన తగులాటం ఒకటుంది, నూనె. ఆదివారం తలంటుకి నువ్వుల నూనె రాసుకుని, అదే ఒంటితో వేడినీళ్ళలో కూర్చుంటే హాయిగా ఉంటుందనిపిస్తుంది. గంటలో ఫిల్టరు జిడ్డుపట్టి, అంచు చుట్టూ గోధుమరంగు గీత పడుతుంది. నలుగుపిండి, పసుపు, కొబ్బరినూనె జుట్టు, అన్నీ అంతే. దిగేముందు సబ్బుతో స్నానం, జుట్టు ముడి. పాత లుంగీలు, నైటీలు దారప్పోగులు వదుల్తాయి, సర్ఫ్ మిగిలిన బట్టలు నురుగు తెస్తాయి. ఈ నియమం పెద్దవాళ్ళకి చెప్పడం కష్టమే, కానీ మీ ఇంట్లో ఎవరో ఒకరు చెప్పాలి.

మూడు నాలుగు నెలలకి ఒకసారి నీళ్ళు మొత్తం మార్చాలి. మూత తీసి రెండు రోజులు వదిలితే క్లోరిన్ పోతుంది, తర్వాత కొబ్బరిచెట్లకి పెట్టొచ్చు. రెండు మూడు వారాలు ఊరెళ్తుంటే, చూసుకునేవాళ్ళు లేకపోతే, ఖాళీ చేసి ఆరబెట్టి వెళ్ళండి. క్లోరిన్ లేని 30, 35 డిగ్రీల నిలవనీళ్ళు లీజియొనెల్లా లాంటి సూక్ష్మజీవులకి సరిగ్గా నచ్చే చోటు. జెట్లు వేస్తే ఆ తుంపరలు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి.

మీ అత్తగారికి బీపీ మందులో, షుగరో ఉంటే డాక్టరుని అడిగాకే దించండి. ఎవరికైనా 40 డిగ్రీలే పైహద్దు, పెద్దావిడకి 36, 37 చాలు, పదిహేను నిమిషాలు మించకుండా, లేచేటప్పుడు పక్కన మనిషి ఉండగా. వేడినీళ్ళలోంచి గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. ఐదేళ్ళలోపు పిల్లల్ని వేడినీళ్ళలో దించొద్దు, గర్భిణులూ దూరంగా ఉండాలి. మద్యం తాగి దిగడం గురించి మీ ఇంట్లో మగవాళ్ళకి మీరే చెప్పండి. మూతకి తాళం పడాలి. నీళ్ళు లాగే సక్షన్ మూతలు కనీసం రెండు ఉండాలి, అవి పగిలితే ఆ రోజు టబ్ బందు, ఆడపిల్లల జుట్టు లాగేసే చోటు అదే.

షాపులో బేరం ఆడేముందు అడగాల్సింది ధర కాదు, మనిషి. విశాఖలో మీ మెకానిక్ ఎవరు, హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో వస్తే రానూపోనూ ఎవరు పెట్టుకుంటారు, టబ్‌ని నడిపే కంట్రోల్ ప్యాక్ ఏ కంపెనీది? బాల్బోవాదో గెక్కోదో అయితే షాపు మూతపడ్డా బోర్డు, హీటరు బయట దొరుకుతాయి. పేరులేని బోర్డయితే అది చచ్చిన రోజు టబ్ మొత్తం చచ్చినట్టే. గ్యారంటీ కాగితంలో షెల్‌కి ఎన్నేళ్ళు, పంపుకి ఎన్నేళ్ళు, సముద్రతీరాన తుప్పు వర్తిస్తుందా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. టబ్ మీ వీధిలోకి ఎలా వస్తుందో కూడా ముందే తేల్చుకోవాలి. నిలువుగా నిలబెట్టి తోసినా రెండు మీటర్ల ఎత్తు, గేటు దగ్గర మీటరు వెడల్పు కావాలి. క్రేను అయితే కరెంటు తీగలు అడ్డొస్తాయి.

నేనైతే మీకు నలుగురి యాక్రిలిక్ టబ్, పాతిక ముప్ఫై జెట్లు, 50 హెర్ట్జ్, విడి సర్క్యులేషన్ పంపు, వేడీ చల్లా రెండూ చేసే హీట్ పంపు, పెరట్లో షెడ్డు కింద అని రాసిస్తాను. డాబాయే కావాలంటే ఇంజనీరుకి చూపించాక బీముల డ్రాయింగు ఫోటో పెట్టండి, దాంతోపాటు మీ బోరు నీళ్ళ హార్డ్‌నెస్ ఎంతో రాయండి. హీట్ పంపు ఏ సైజు, ఫ్రేము ఎలా అన్నది అప్పుడు చెప్తాను.